సాయం అందుకున్న ఇంటికి వెళ్ళి అడగటం ఎలా?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో విచారణ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





రాబోయే మూడు నెలల్లో మన సంఘం తరఫున కొందరు యువకులు, కొందరు సోదరీమణులు ఇంటింటికీ వెళ్ళబోతున్నారు. గత మూడేళ్ళలో మన దగ్గర కుట్టు మిషన్లు తీసుకున్నవారిని, చదువుకు ఫీజు సాయం పొందినవారిని, వితంతు పింఛను అందుకుంటున్నవారిని, తోపుడు బండికి పెట్టుబడి తీసుకున్నవారిని కలిసి, ఆ సాయం ఏమైందో తెలుసుకొని రావాలి. ఆ వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మాకు పురమాయించారు. మేము అంటే విచారణ ఉపసంఘంలో ఇదివరకు పనిచేసిన నలుగురం. మేమేమీ పండితులం కాదు. ఈ పనిని ఒకసారి తప్పుగా చేసి, రెండోసారి కాస్త సరిగా చేసిన అనుభవం మాత్రం మాకుంది. అందుచేత ముందు మా తప్పు చెప్పుకొని, ఆ తరువాత ఎలా చెయ్యాలో మనవి చేసుకుంటాం.

అసలు ఎందుకు అడగాలి అన్న ప్రశ్న కొందరు పెద్దలకు ఉన్నది. ఇచ్చింది అల్లాహ్ కోసం ఇచ్చాం, మళ్ళీ వెనక్కి తిరిగి చూడటం ఎందుకు అంటారు. మాట మంచిదే. కాని మన పాత సావనీర్లు తీసి చూడండి. ప్రతి ఏడూ కార్యదర్శి నివేదికలో ఇన్ని మిషన్లు ఇచ్చాం, ఇంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం అని ఉంటుంది. పక్కన ఫొటో. ఇవన్నీ ఇచ్చిన లెక్కలు. ఇచ్చిన తరువాత ఏమైందన్న లెక్క ఒక్క పేజీలోనూ లేదు. మిషను తిరుగుతోందా, మూలన పడిందా? ఫీజు కట్టిన పిల్లవాడు పరీక్షకు కూర్చున్నాడా, లేదా? జకాత్ సొమ్ము మన జేబులోది కాదు. అది ఎవరెవరికి చెందాలో సూరా తౌబా 60వ ఆయతులో ఎనిమిది వర్గాలుగా నిర్ణయించబడి ఉన్నది. అటువంటి సొమ్మును చేతిలో పెట్టుకొని, అది పనిచేసిందో లేదో విచారించకుండా వచ్చే ఏడు మళ్ళీ అదే పద్దు కింద ఖర్చుపెడితే, అది అమానత్‌లో లోటే అవుతుంది.

ఇంకో సంగతి కూడా గమనించండి. సచార్ కమిటీ నివేదిక 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. మన చదువులు, మన ఉద్యోగాలు, మన అప్పుల స్థితి అందులో పట్టికలుగా కనిపించాయి. ఆ పట్టికల్లో చాలా భాగం జనాభా లెక్కల నుంచి, జాతీయ నమూనా సర్వేల నుంచి తీసినవే. అంటే ఎవరో ఒక మనిషి ఎండలో నడిచి వెళ్ళి, ఒక తలుపు తట్టి, ఒక ప్రశ్న అడిగి రాసుకున్న జవాబులే అంత పెద్ద నివేదిక అయ్యాయి. ఆ అడగటం సరిగా లేకపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. మన రాష్ట్రంలో ముస్లిములకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చిన చట్టాన్ని 2005 నవంబరులో హైకోర్టు కొట్టివేసినప్పుడు, వెనుకబాటుతనాన్ని తేల్చడానికి బి.సి. కమిషన్ జరిపిన విచారణ తీరును కూడా తప్పుపట్టింది. తరువాత 2007లో వచ్చిన 4 శాతం చట్టం కూడా 2010 ఫిబ్రవరిలో హైకోర్టులో నిలవలేదు. ఆ ఏడు మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతోనే దాని అమలు కొనసాగింది. ఇంటింటి విచారణ అంటే కాలక్షేపం కాదని చెప్పడానికే ఇదంతా చెప్పాం.

ఇక మా తప్పు సంగతి.

మొదటిసారి విచారణకు వెళ్ళింది రంజాన్ మాసంలో. నలుగురం మగవాళ్ళం, రెండు మోటారు సైకిళ్ళ మీద, చేతిలో సంఘం రిజిస్టరు, చొక్కాకు సంఘం బ్యాడ్జీ. గుమ్మం దగ్గరే నిలబడి, ‘అమ్మా, మనం ఇచ్చిన మిషను బాగా ఉపయోగపడుతోందా?’ అని అడిగాం. ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు. ‘అల్‌హమ్దులిల్లా సాబ్, అంతా మీ దయ.’ మిషను ఏదీ అంటే చూపించారు. ఫొటో తీసుకున్నాం. ఒక్క పూటలో పద్ధెనిమిది ఇళ్ళు తిరిగి, సాయం పొందినవారందరూ సంతృప్తిగా ఉన్నారని నివేదిక రాసి, సావనీరులో అచ్చు వేయించాం. మీరంతా చదివే ఉంటారు.

ఆ సావనీరు చూసిన మన సోదరీమణి ఒకరు, ఆమె రిటైరైన టీచరు, అందరం ఆపా అంటాం, కార్యాలయానికి వచ్చి రెండు ఫొటోల మీద వేలు పెట్టారు. ‘ఈ ఇంటి మిషనూ, ఈ ఇంటి మిషనూ ఒకటే కదా?’ అన్నారు. చూద్దుము గదా, రెండింటికీ చక్రం మీద ఒకే చోట పచ్చ పెయింటు మరక ఉంది. ఒక ఇంట్లో మిషను లేక, పక్క సందులోనుంచి పిల్లల చేత మోయించి తెచ్చి మాకు చూపించారు. మేము ఫొటో తీసుకొని, సంతోషపడి వచ్చేశాం.

మాకు కోపం వచ్చింది, దాచడం ఎందుకు? ఆమె పేరు జాబితాలోనుంచి కొట్టెయ్యాలని కూడా అనుకున్నాం. అప్పుడు ఆపా అడిగిన మాట మాకు ఇప్పటికీ గుర్తే. ‘ఆమె అబద్ధం ఆడిందా, మీరు ఆడించారా?’

తరువాత ఆపా ఒక మధ్యాహ్నం తానొక్కతే వెళ్ళి, ఆ ఇంట్లో చాప మీద కూర్చుని గంటన్నర మాట్లాడి వచ్చారు. రిజిస్టరు తీసుకెళ్ళలేదు. తెలిసిన సంగతి ఇది. ఆమె కుట్టుపని నేర్చుకున్నది మూడు వారాలు. మామూలు జాకెట్టు వరకు వచ్చింది గాని, లైనింగు జాకెట్టు దగ్గర చెయ్యి తిరగలేదు. ఆ వీధిలో అప్పటికే కుట్టేవాళ్ళు ముగ్గురున్నారు. ఆ ముగ్గురికీ మిషన్లు ఇచ్చింది మన సంఘమే! బట్టల దుకాణంవారు చీరలకు పీకో పని ఇస్తామన్నారు, కాని పీకోకు వేరే మిషను కావాలి. నాలుగో నెలలో భర్త కాలు విరిగింది. ఆస్పత్రి ఖర్చుకు మిషను అమ్మేసి, మళ్ళీ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళిపోయింది. మరి మాకు అరువు మిషను ఎందుకు చూపించింది? ఆమె తల్లికి వితంతు పింఛను ఇస్తున్నది కూడా మనమే. మిషను లేదని తెలిస్తే తల్లి పింఛను ఆపేస్తారేమోనని భయపడింది.

పెద్దలు ఆలోచించండి. మేము అడిగిన ప్రశ్నకు ఆమె ఇవ్వగలిగిన జవాబు అదొక్కటే. ఇచ్చినవాళ్ళే ఎదురుగా నిలబడి, మేమిచ్చింది బాగుందా అని అడిగితే, బాగాలేదు అని చెప్పే ధైర్యం పేదవాళ్ళకు ఎక్కడిది? ఈ రోజు మేము చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. మిగతావన్నీ దీని వెనుక వచ్చేవే.

హజ్రత్ ఉమర్ (రజి) వారి ఉల్లేఖనం మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. రాత్రి పూట మదీనా వెలుపల తిరుగుతుంటే, ఒక చోట పొయ్యి మీద కుండ, చుట్టూ ఏడుస్తున్న పిల్లలు, ఒక తల్లి. ఆ కథను మేము దాతృత్వానికి ఉదాహరణగానే వింటూ వచ్చాం. ఈ అనుభవం తరువాత మళ్ళీ ఆలోచిస్తే, ఎలా అడగాలో కూడా అందులోనే ఉన్నదని తెలిసింది. దగ్గరకు రావచ్చునా అని ఆయన ముందు అనుమతి అడిగారు. నా పాలన ఎలా ఉంది అని అడగలేదు. పిల్లలెందుకు ఏడుస్తున్నారు, ఆ కుండలో ఏముంది అని కంటికి కనిపిస్తున్నవాటిని గురించి అడిగారు. ఎదురుగా ఉన్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. తెలియదు కాబట్టే ఖలీఫా మీద ఉన్న ఫిర్యాదును ఖలీఫా ముఖం మీదే చెప్పగలిగింది. ఆ మాట విని ఆయన కోపగించుకోలేదు, సమర్థించుకోలేదు. వెళ్ళి పిండి మూట స్వయంగా వీపున మోసుకొని వచ్చారు. అనుమతి, కనిపించేవాటి మీద ప్రశ్న, నిష్ఠూరాన్ని ఓర్చుకోవడం, విన్న తరువాత చెయ్యవలసింది చెయ్యడం. ఈ నాలుగూ వస్తే మిగతాది దానంతటదే వస్తుంది.

ఇప్పుడు వెళ్ళేవాళ్ళకు ఒక్కొక్కటిగా చెబుతాం.

మొదటిది, ఎవరు వెళ్ళాలి? ఆ సాయాన్ని మంజూరు చేసినవారు, చేత్తో అందించినవారు వెళ్ళకూడదు. ఒక పేటవారు ఇంకో పేటకు వెళ్ళాలి. ఇద్దరిద్దరుగా వెళ్ళండి, ఒకరు అడగటానికి, ఒకరు రాసుకోవటానికి. ఆడవారి దగ్గరకు సోదరీమణులే వెళ్ళాలి. ఇది పరదా కోసం మాత్రమే కాదు. మగవాడు గుమ్మంలో నిలబడితే జవాబు చెప్పేది ఆమె కాదు, ఆమె భర్తో, అత్తగారో, బావగారో. మిషను ఆమెది, కుట్టేది ఆమె, మాట మాత్రం ఇంకొకరిది అవుతుంది. ఇద్దత్‌లో ఉన్న ఇంటికి, అంటే భర్త పోయి నాలుగు నెలల పది రోజులు నిండని సోదరి ఇంటికి, అసలు ఈ పని మీద వెళ్ళనే వద్దు. పరామర్శకు వెళ్ళండి, ప్రశ్నలు అడగవద్దు.

రెండవది, ఎప్పుడు వెళ్ళాలి? రంజాన్‌లో వద్దే వద్దు. అది జకాత్, ఫిత్రా పంచే మాసం. ఆ నెలలో సంఘం మనిషి తలుపు తడితే ఏదో ఇవ్వడానికే వచ్చాడనుకుంటారు. మీరు ఏది అడిగినా జవాబు ఒక దరఖాస్తు అయిపోతుంది. కొత్త జాబితా తయారయ్యే రోజుల్లో కూడా వద్దు. రోజులో వేళ కూడా చూసుకోవాలి. కుళాయి వచ్చే వేళ, పిల్లలు బడికి వెళ్ళే వేళ, జుమా రోజు మధ్యాహ్నం వద్దు. కూలికి వెళ్ళేవాళ్ళు సాయంత్రం గాని దొరకరు. ముందు రోజు కబురు పంపి, మీకు ఎప్పుడు వీలవుతుందని వాళ్ళనే అడగండి. లోపలికి రమ్మంటే వెళ్ళండి, లేకపోతే మరో రోజు రండి. వాళ్ళు చాప మీద కూర్చుంటే మీరూ చాప మీదే కూర్చోవాలి. కుర్చీలో మీరు, కింద వాళ్ళు కూర్చుంటే ఆ సంభాషణ మొదలుకాక ముందే పాడైపోయిందన్నమాట.

మూడవది, మొదట ఏం చెప్పాలి? ఎవరం, ఎందుకొచ్చాం, మీరు చెప్పేదాని వల్ల మీకొచ్చే సాయం పెరగదు, తగ్గదు. ఈ మూడూ స్పష్టంగా చెప్పాలి. చివరిది నోటితో చెబితే చాలదు, నిజంగా అలాగే జరగాలి. అందుకే కార్యవర్గంవారిని ముందే కోరి ఒక తీర్మానం చేయించాం. విచారణలో తెలిసిన ఏ సంగతినిబట్టీ ఎవరి పింఛనూ, ఎవరి ఫీజూ ఆపకూడదని. ఆ తీర్మానం లేకుండా మీరు హామీ ఇస్తే అది మోసం. అలాగే ఆశలు కూడా పెట్టవద్దు. ‘మా ఇంటి కప్పు కారుతోంది బాబూ’ అంటే, ‘చూద్దాంలే’ అన్న మాట కూడా వాగ్దానమే. ‘ఆ సంగతి కార్యాలయంలో చెబుతాను, నా చేతిలో ఏమీ లేదు’ అనండి.

నాలుగవది ప్రశ్న. ఇక్కడ కాస్త నిదానించి చెప్పాలి.

మనలో ‘ఎలా ఉన్నారు?’ అంటే జవాబు ‘అల్‌హమ్దులిల్లా’. కడుపు నిండినా అదే, మాడినా అదే. అది మన ఈమాన్, మన తహజీబ్, అలాగే ఉండాలి. కాని దాన్ని కాగితం మీద ‘పరిస్థితి బాగుంది’ అని రాసుకుంటే మనకంటే అమాయకులు ఉండరు. కాబట్టి ఎలా ఉంది, బాగుందా, ఉపయోగపడుతోందా, సంతృప్తిగా ఉన్నారా, ఇటువంటి ప్రశ్నలు వదిలెయ్యండి. వాటిలోనే జవాబు ఉన్నది. దానికి బదులు జరిగినదాన్ని గురించి అడగండి. ‘కిందటి వారం ఏమేం కుట్టారు?’ ‘ఆఖరుగా కుట్టిన బట్ట ఎవరిది? ఎంత ఇచ్చారు?’ ‘మిషను ఇంటికి వచ్చిన రోజు నుంచి ఏం జరిగిందో చెప్పండి.’ ‘తరువాత?’ ఈ ‘తరువాత’ అన్న మాటకు ఉన్న బలం ఏ పెద్ద ప్రశ్నకూ లేదు.

రెండు ప్రశ్నలు ఒకటిగా కట్టి అడగవద్దు. ‘శిక్షణ, మిషను రెండూ ఉపయోగపడ్డాయా?’ అంటే దేనికి అవునన్నారో ఎవరికి తెలుసు? ‘ఎందుకు కుట్టడం లేదు?’ అని కూడా వద్దు. ఎందుకు అనేసరికి పోలీసు స్టేషను గుర్తుకొస్తుంది. ‘కుట్టడం ఎప్పుడు తగ్గింది? అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది?’ అంటే అదే సంగతి నిమ్మళంగా బయటికి వస్తుంది.

జ్ఞాపకం విషయంలో కూడా జాగ్రత్త కావాలి. పోయిన ఏడాది మొత్తం ఎంత సంపాదించారంటే ఎవరూ చెప్పలేరు; మన్నన కోసం ఏదో ఒక అంకె చెబుతారు. ప్రొఫెసర్ మహలనోబిస్ ఆధ్వర్యంలో 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైనప్పటి నుంచి, ఇంటి ఖర్చులను వారానికి అడగాలా నెలకు అడగాలా అన్నది పెద్ద చర్చే. 1999–2000 సర్వేలో తిండి ఖర్చులను ఒకే ఇంట్లో 7 రోజులకూ, 30 రోజులకూ కలిపి అడిగారు. ఒక జవాబు ఇంకో జవాబును లాగిందని ఆర్థికవేత్తలు వాదించారు; దేశంలో పేదరికం ఎంత తగ్గిందన్న లెక్కే వివాదంలో పడింది. దేశానికే అలా అయితే మనమెంత? అందుచేత కిందటి వారం గురించి అడగండి. వెనక్కి వెళ్ళవలసి వస్తే తారీఖులు అడగవద్దు. బక్రీదుకు ముందా తరువాతా, పీర్ల పండుగ అప్పటికి మిషను ఉన్నదా, బడులు తెరిచినప్పుడు ఫీజు ఎవరు కట్టారు, ఇలా పట్టుకొస్తే నెలలు వాటంతటవే తేలుతాయి.

అయిదవది, వినటం. అడిగిన తరువాత నోరు మూసుకొని కూర్చోవటం చాలా కష్టమైన పని. అవతలివాళ్ళు ఆగితే మనం వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాం, లేదా జవాబు మనమే అందిస్తాం. అలా చెయ్యకండి. ఒక కుర్రవాడికి మన సంఘం ఇంటర్ ఫీజు రెండేళ్ళూ కట్టింది. రెండో ఏడు మధ్యలో కాలేజీ మానేశాడు. మెకానిక్ షెడ్డు దగ్గర కలిశాం. ఎప్పుడు మానేశావన్న ప్రశ్నకు చెప్పాడు. తరువాత తల వంచుకొని పానా తుడుచుకుంటూ ఉండిపోయాడు. మేమూ ఊరుకున్నాం. కాసేపటికి వాడే అన్నాడు, ‘ఫీజు మీరు కట్టారు సాబ్, రోజూ బస్సుకి ఎవరిస్తారు?’ మేము తొందరపడి ఉంటే, చదువు మీద శ్రద్ధ లేదని రాసుకొని వచ్చేవాళ్ళం.

వినేటప్పుడు ఉపదేశాలు కూడా వద్దు. గ్రూపు లోను తీసుకున్నామని, వారం వారం వడ్డీ కడుతున్నామని చాలామంది చెబుతారు. వడ్డీ హరామని వాళ్ళకు మనకంటే బాగా తెలుసు. కట్టలేక రాత్రులు నిద్రలేనిది వాళ్ళకే. అక్కడ మీరు ఫత్వా మొదలుపెడితే రెండో మాట రాదు. ఆ అప్పు ఏ అవసరానికి తీసుకున్నారో, ఆ అవసరం మన సంఘానికి ఎందుకు చెప్పుకోలేకపోయారో, అది తెలుసుకొని రండి. అది మన లోపం గురించిన సమాచారం. సూరా బఖరాలో చెప్పినట్లు, పట్టుబట్టి అడగరు కనుక చూసేవాళ్ళు కలిగినవాళ్ళే అనుకునే పేదలు మన వీధుల్లోనూ ఉన్నారు.

ఆరవది, రాసుకోవటం. వాళ్ళ మాట వాళ్ళ మాటగానే రాయండి. మన ఇళ్ళలో కొందరివి ఉర్దూ మాటలు, కొందరివి తెలుగు, చాలామందివి రెండూ కలిసినవి. ఒక ఇంట్లో ఆమె ‘గుజారా హోరా’ అన్నది. మనవాడు తెలుగులో ‘బాగానే జరుగుతోంది’ అని రాశాడు. గుజారా అంటే బాగా జరగటమా? ఎలాగో ఈడ్చుకొస్తున్నాం అని. ఒక్క మాట తేడాతో పస్తున్న ఇల్లు పచ్చగా ఉన్న ఇల్లయిపోయింది. అందుకే ఉర్దూ మాటను తెలుగు లిపిలో ఉన్నదున్నట్లు రాసుకోండి, అర్థం తరువాత చూసుకుందాం. కాగితంలో మూడు భాగాలు చేసుకోండి: వాళ్ళు చెప్పింది, మీరు కళ్ళతో చూసింది, మీకు అనిపించింది. ఈ మూడూ కలపవద్దు. అక్కడ రాయలేకపోయింది ఆ రాత్రే రాయాలి. తెల్లారితే సగం మన కల్పన కలుస్తుంది. ఫోనులో మాటలు రికార్డు చెయ్యాలంటే ముందుగా అడిగి, సరేనంటేనే చెయ్యండి. ఫొటోలు మాత్రం ఒక్కటి కూడా తీయవద్దు. మేము తీసి అచ్చు వేయించిన ఫొటోలే చాలు.

ఏడవది, సరిచూసుకోవటం. వార్త విన్నప్పుడు విచారించి గాని నమ్మవద్దని సూరా హుజురాత్ మనకు నేర్పుతున్నది. మహలనోబిస్ తన సర్వేల్లో ఒక పద్ధతి పెట్టారు. ఒకే ప్రాంతానికి రెండు వేర్వేరు జట్లను పంపి, ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసేవారు. మనం కూడా ప్రతి పేటలో రెండు మూడు ఇళ్ళకు, వాళ్ళు ఒప్పుకుంటే, కొన్ని వారాల తరువాత వేరే ఇద్దరిని పంపుదాం. తేడా వస్తే ఆ ఇంటివాళ్ళది తప్పని కాదు, మన అడగటంలో ఎక్కడో లోపం ఉన్నదని అర్థం. అలాగే సులువుగా దొరికేవాళ్ళతో సరిపెట్టుకోకండి. ఆదివారం కార్యాలయానికి పిలిస్తే వచ్చేది పాసయిన పిల్లలు. మానేసినవాళ్ళు షెడ్లలో, పళ్ళ దుకాణాల్లో, పొరుగు రాష్ట్రాల్లో ఉంటారు. దరఖాస్తు పెట్టి మన చేత కాదనిపించుకున్నవాళ్ళను కూడా కొందరినైనా కలవండి. మన సాయం లేకుండా వాళ్ళు ఏమయ్యారో తెలిస్తేనే మన సాయం విలువ తెలుస్తుంది.

ఎనిమిదవది, గుట్టు. అదే సూరాలో ఒకరి లోపాలు వెతకవద్దని, చాటున నిందించవద్దని కూడా ఉన్నది. విచారణకూ గీబత్‌కూ మధ్య ఉన్న గోడ చాలా పలుచన. ఎవరింట్లో ఏం విన్నారో అది మీ ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర కూడా రాకూడదు. ఎదిగిన ఆడపిల్లలున్న ఇళ్ళు అవి. ఒక్క మాట బయటపడితే కుదిరిన సంబంధం తప్పిపోతుంది. కాగితాల మీద పేర్లు ఉండవు, నెంబర్లే ఉంటాయి. ఏ నెంబరు ఎవరిదో రాసిన పుస్తకం ఆపా దగ్గర తాళంలో ఉంటుంది. సెల్‌ఫోను గ్రూపుల్లో ఈ సంగతులు ఒక్కటీ పెట్టరాదు.

ఇలా రెండోసారి చేసినప్పుడు మాకు తెలిసినవి కొన్ని మనవి చేస్తాం. ఒకే వీధిలో నాలుగు మిషన్లు ఇస్తే నలుగురికీ గిరాకీ ఉండదని తెలిసింది. మూడు వారాల శిక్షణ చాలదని తెలిసింది. ఇంటికొక మామూలు మిషను కంటే, పేటకొక పీకో మిషను పెట్టి నలుగురూ వంతుల వారీగా వాడుకుంటే మేలని వాళ్ళే చెప్పారు. ఫీజుతోపాటు బస్సు ఖర్చు కూడా లెక్కలోకి రావాలని తెలిసింది. ఇవేవీ మా బుర్రలో పుట్టినవి కావు. వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉన్నవే. మేము అడిగే తీరు వల్ల వాటికి బయటికి వచ్చే దారి లేకపోయింది.

ఆ అరువు మిషను సోదరి ఇంటికి మేము మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఆపాతో కలిసి, క్షమాపణ చెప్పుకోవడానికి. ఆమె ముందు భయపడింది. తల్లి పింఛను ఆగదని ఆపా చెప్పిన తరువాత టీ పెట్టి ఇచ్చింది. ఆమె అడిగింది ఒక్కటే. సావనీరులో అచ్చయిన ఆ ఫొటో బంధువులంతా చూశారు, దాన్ని ఏమైనా చెయ్యగలరా అని. అచ్చయినదాన్ని మేమేం చెయ్యగలం? తల వంచుకొని వచ్చాం. అందుకే ఈ ఏటి సావనీరులో సాయం అందుకున్నవారి ఫొటోలు ఉండకూడదని కార్యవర్గాన్ని కోరాం, వారు ఒప్పుకున్నారు. ఇందుకు వారికి మా ధన్యవాదాలు.

చివరగా సర్వసభ్యులకు ఒక విన్నపం. ఈ యువకులు తిరిగి వచ్చినప్పుడు తెచ్చే కబుర్లన్నీ తీపిగా ఉండవు. మనం ఘనంగా చేశామనుకున్నవి కొన్ని పనికిరాలేదని తేలవచ్చు. అప్పుడు వాళ్ళ మీద విసుక్కోవద్దు, ఆ కాగితాలను బీరువాలో దాచవద్దు. వచ్చే ఏటి నివేదికలో ఇన్ని ఇచ్చాం అన్న పంక్తి కింద, ఇన్ని నిలిచాయి, ఇన్ని నిలవలేదు, ఇవీ కారణాలు అని పేర్లు లేకుండా అచ్చు వేద్దాం. మాట్లాడిన ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళి, మీరు చెప్పినదానివల్ల ఈ మార్పు చేశాం అనో, ఇది చెయ్యలేకపోయాం అనో చెప్పివద్దాం. అడిగి వెళ్ళిపోయి మళ్ళీ కనిపించనివాళ్ళకు ఇంకోసారి ఎవరూ నిజం చెప్పరు.

వెళ్ళే పిల్లలందరికీ అల్లాహ్ సహనాన్ని, మంచి మాటను, మంచి చెవిని ప్రసాదించుగాక. మా మాటల్లో పొరపాటు ఉంటే పెద్దలు మన్నించ ప్రార్థన.

వస్సలామ్.